సరాయి మీద చిన్నమ్మ జాగ

2024 నవంబరు 9, శనివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు జడ్చర్ల స్టేషనులో కాచిగూడ వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. భుజాన ఒక సంచి, ఒడిలో సీతాఫలాల బుట్ట. దూరం పెద్దది కాదు. నేను చరిత్ర బోధించే జూనియర్ కళాశాలలో తోటి అధ్యాపకులు ఒక సినిమా చూసి రావడానికి కూడా హైదరాబాదు వెళ్ళివస్తారు. అయినా దీనిని యాత్ర అనే అంటున్నాను. అక్కడ నేను చేయవలసిన పని మళ్ళీ చేయడానికి వీలులేనిది.

తార్నాక నుండి లాలాపేట్ వెళ్ళే దారిలో ఒక పాత మార్కెట్ హాలు ఉంది. రాతి స్తంభాలు, పైన ఇనుప కప్పు. కొన్నేళ్ళ క్రితం అందులో మురుగుకాలువ బాగుచేస్తుండగా అడుగున పాత గోడలు బయటపడ్డాయి. పోయిన సంవత్సరం ఎండాకాలం చివర కూరగాయలు అమ్మేవారిని ఖాళీ చేయించి తవ్వారు. ఇప్పుడు ఆ శిథిలాలను అద్దాల వంతెన మీది నుండి చూడవచ్చు. చూడనివారి కోసం వాటి సంగతి రాస్తాను.

అయితే నేను వెళ్ళింది వాటిని చూడటానికి మాత్రమే కాదు. మా చిన్నమ్మ నర్సమ్మ ఆ హాలులో ఆకుకూరలు అమ్మేది. ఆమె మా అమ్మకు చెల్లెలు. పిల్లలు లేరు. ఇంటరు నుండి పురావస్తుశాస్త్రంలో ఎం.ఏ. వరకు నన్ను లాలాపేట్‌లోని తన అద్దెగదిలో ఉంచుకుని చదివించింది. మా వంశంలో పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. పోయిన సంవత్సరం వానాకాలంలో చిన్నమ్మ జ్వరంతో చనిపోయింది.

ఆ మార్కెట్‌లో ఒక ఆచారం ఉంది. కూర్చుని అమ్మే మనిషి పోతే ఆమె చోటును వెంటనే ఇంకొకరికి ఇవ్వరు. ఆమె తరఫువారు వచ్చి, ఆమె కూర్చున్న నేల మీద, ఆమె అమ్మిన సరుకుతో ఒకసారి కూర్చోవాలి. నోట ధర చెప్పకూడదు. బయటివారు ఎవరైనా ఒకరు, ధర అడగకుండా, డబ్బు ఇవ్వకుండా ఒక కట్ట తీసుకుని వెళ్ళాలి. అప్పుడు పక్కచోటు మనిషి చెయ్యి పట్టి లేపుతుంది. తనంతట తాను లేవకూడదు. దీనిని జాగ విడిపించడం అంటారు. అది జరిగేదాకా ఆ చోటు పోయినవారిదే.

చిన్నమ్మ పక్కన ముప్పై ఏళ్ళు కూర్చున్న బాలమణి అక్టోబరులో నాకు ఫోను చేసింది. ఆమెను నేను పెద్దమ్మ అని పిలుస్తాను. "సుజాతా, మీ చిన్నమ్మ జాగ గట్లనే ఉన్నది బిడ్డా. ఒక పిల్ల దాని కోసం ఎండల కూసుంటున్నది. నువ్వొచ్చి లేస్తెనే గాని ఎవ్వరికిచ్చేటట్టు లేదు" అన్నది. నేను వస్తానన్నాను. కానీ వెంటనే బయలుదేరడానికి మనసు రాలేదు.

కాచిగూడ

షాద్‌నగర్ దాటాక బండిలో నిలబడటానికి కూడా స్థలం లేకపోయింది. ఒక పెద్దావిడ నా ఒడిలోని బుట్ట మీద తన సంచి ఆనించి, కాచిగూడ వచ్చేదాకా కోడలి గురించి చెప్పింది. దిగి చూసుకుంటే సగం సీతాఫలాలు నలిగి, గుజ్జు నా చీర కుచ్చిళ్ళకు అంటుకుని ఉంది. ఆమె చూసి ఏమాత్రం నొచ్చుకోలేదు. "పండినయే పగుల్తయ్. పండకపోతె ఎవ్వడు తింటడు" అని నలిగిన పండు ఒకటి తీసుకుని తింటూ వెళ్ళిపోయింది.

స్టేషను బయట ఇరానీ హోటలులో చాయ్ ఇరవై రూపాయలు. జడ్చర్లలో పది రూపాయలకు గ్లాసు నిండుగా పోస్తారు. ఇక్కడ కప్పు చిన్నది, చాయ్ చిక్కనిది. అక్కడ తొందరపెట్టేవారు లేరు కనుక కాసేపు కూర్చున్నాను. ఆటో విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగా విశ్వవిద్యాలయంలోకి ప్రవేశించింది. ఆర్ట్స్ కళాశాల ముందు పరీక్షలకు చదువుకునేవారు చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను చదువుకున్న చెట్టు కింద వేరే అమ్మాయి ఉంది. ఆటో ఆపమని అనబోయి ఊరుకున్నాను.

రేకుల షెడ్డు

హాలు ఖాళీ చేయించాక అమ్మేవారికి తార్నాకలో ఒక రేకుల షెడ్డు ఇచ్చారు. హాలులో ఉన్న వరుస ప్రకారమే అందరూ కూర్చున్నారు. ఎవరి కుడిపక్క ఎవరో, ఎడమపక్క ఎవరో మారలేదు. బాలమణికి, నిమ్మకాయలమ్మే యాదయ్యకు మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. దానిమీద బుట్ట పెట్టినవారు లేరు, కాలు చాపినవారు లేరు. ఊడ్చి ఉంది.

నేను నిలబడి చూస్తుండగా ట్రాలీ ఆటోవాడు కొత్తిమీర మూటతో వచ్చాడు.

"యాడ దించాలె?"

"నర్సమ్మ జాగకు ఇటుపక్క" అన్నాడు యాదయ్య, తలెత్తకుండానే.

ఏడాది దాటినా ఆ పేరు అక్కడ వాడుకలో ఉంది. ఫోను వచ్చాక నేను నెల రోజులు ఎందుకు కదలలేదో నాకు అప్పుడు తెలిసింది. మా ఊరిలో చిన్నమ్మకు పొలం లేదు, ఇల్లు లేదు. ఆమె పేరుతో పిలిచే స్థలం ప్రపంచంలో ఇదొక్కటే. దానిని విడిపించడానికి నేను వచ్చాను.

బాలమణి నన్ను పట్టుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, వెంటనే బేరంలో పడింది. పక్కకు తిరిగి "అగో, ఆ పిల్లనే" అని చూపింది. షెడ్డు బయట, బస్టాపు పక్కన, ముప్పై ఏళ్ళ స్త్రీ కొంగు నెత్తిన వేసుకుని తోటకూర కట్టల మీద నీళ్ళు చల్లుతోంది. పేరు మణెమ్మ. అచ్చంపేట వైపునుండి వచ్చిందట. భర్త మేస్త్రీ పనిలో పై నుండి పడి నడుము విరిగి ఇంట్లో ఉన్నాడు. ఎండకు కూరలు మధ్యాహ్నానికే వాడిపోతాయి. సగం ధరకు ఇచ్చి వెళ్తుంది.

నన్ను చూసి లేచి నిలబడింది.

"తొందరేం లేదక్కా" అన్నది. "మీకు ఎప్పుడు మనసైతె అప్పుడే."

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె చెయ్యి కట్టల మీద నీడ పట్టడానికి కొంగు చాపి ఉంది.

సాయంత్రం లాలాపేట్‌లో బాలమణి ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, గంగవాయిలి కూర పప్పు తిన్నాను. రేపు షెడ్డులోనే కూర్చుంటానని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఆ రేకుల కింద ఆమె పట్టుమని నెల కూసోలే. జరంతో లేసి పోయింది. అదెట్ల ఆమె నేల అయితది? హాల్ల కూసోవాలె."

"హాలులో ఇప్పుడు కూర్చోనియ్యరు పెద్దమ్మా. మ్యూజియం లెక్క చేసిన్రు."

"అడుగుదాం. అడిగితె కొడ్తరా?"

అద్దం మీద

ఆదివారం ఉదయం మేము ముగ్గురం హాలుకు వెళ్ళాము. కూరల బుట్ట మణెమ్మ నెత్తిన ఉంది. టిక్కెట్టు ముప్పై రూపాయలని తెలియగానే బాలమణి ఆగిపోయింది.

"నేను గీడ ముప్పై ఏండ్లు కూసున్న. నాకు టికెట్టా?"

"రూల్ గట్ల ఉన్నదమ్మా. నన్నేం చెయ్యమంటవ్" అన్నాడు కిటికీలోని యువకుడు.

"మీ అమ్మకు గీడనే వంకాయలు అమ్మిన. రెండు కొసరు కూడ ఏసిన. ఇంటికి పోయి అడుగు."

అతడు నవ్వాడు గాని టిక్కెట్లు చింపాడు. బుట్ట లోపలికి వద్దన్నాడు. మణెమ్మ దానిని పట్టుకుని బయట ఉండిపోయింది.

లోపల మాకు దారి చూపినవాడు వెంకటసుబ్బయ్య. కడప జిల్లా వాడు. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ, సెలవు దినాలలో ఇక్కడ చూపరులకు వివరిస్తాడు. బాలమణి చెప్పులు విడిచి చేత పట్టుకుని అద్దం మీద అడుగుపెట్టింది, వెంటనే నా చెయ్యి పట్టుకుంది.

"నిదానంగా రాండమ్మా. గట్టి అద్దమే, ఏం కాదు" అన్నాడు అతడు.

కింద కనిపించేది ఒక సరాయి. గోల్కొండ సుల్తానుల కాలంలో, మౌలాలి కొండకు వెళ్ళేవారూ, సరుకుల బండ్లవారూ రాత్రి ఆగడానికి కట్టినది కావచ్చునని భావిస్తున్నారు. వరుసగా చిన్న గదులు. గడప రాళ్ళు మధ్యలో కాళ్ళ ఒరిపిడికి గుంట పడి ఉన్నాయి. ఒక మూల పశువులు నీళ్ళు తాగే రాతి తొట్టి, దాని అంచు వాటి మెడలు రాసుకుని నున్నబడింది. ఒకదానిలో ఒకటి దూరేలా చేసిన మట్టిగొట్టాలు గోడ వెంబడి నీరు తెచ్చేవి. ఇక్కడికి వెళ్ళేవారు ఆ గొట్టాల అతుకులను తప్పక చూడాలి. సున్నంతో మెత్తిన వేలిముద్రలు ఇంకా ఉన్నాయి. ప్రతి గదిలోను మూడు రాళ్ళ పొయ్యి, చుట్టూ నల్లని మచ్చ. అంత భద్రంగా మిగిలిన పొయ్యిలను నేను పుస్తకాలలో తప్ప చూడలేదు. సంతోషం కలిగిందని ఒప్పుకుంటాను.

"మన పొయ్యే" అన్నది బాలమణి వంగి చూస్తూ. "ఎవలు వండుకున్నరో పాపం."

తరువాత ఆమె స్తంభాలు లెక్క చూసుకుంటూ నడిచి ఒకచోట ఆగింది.

"ఇదే. ఈ కంబానికి ఆనుకుని నేను, ఇటుపక్క మీ చిన్నమ్మ."

చిన్నమ్మ తమలపాకుకు రాయగా వేలికి మిగిలిన సున్నం ఆ స్తంభానికి తుడిచేది. తెల్లని గీతలు మనిషి కూర్చున్న ఎత్తున దట్టంగా ఉండేవి. ఇప్పుడు రాయి శుభ్రంగా ఉంది. మందు పెట్టి కడిగారని వెంకటసుబ్బయ్య చెప్పాడు. స్తంభం పక్కన చిన్నమ్మ కూర్చున్నచోట ఏమీ లేదు. గాలి ఉంది. దాని అడుగున, చాలా లోతులో, సరాయి గది.

"నేలేది?" అని బాలమణి అతడిని అడిగింది.

"పైన ఉండే నేలంతా తీసేసినారు కదమ్మా. తీయకుంటే కిందిది యెట్ల కనపడల్ల?"

గోడకు ఒక పటం ఉంది. తవ్వకంలో దొరికిన పొరలు కింది నుండి పైకి రంగులలో గీశారు. కింద ఎర్రమట్టి, దాని మీద సరాయి, ఆపైన కూలిన గోడల మట్టి, హాలు పునాది. అన్నిటికంటె పైన సన్నని బూడిదరంగు చార.

"ఏం రాసిన్రు బిడ్డా?"

నేను వేలుపెట్టి చదివి వినిపించాను. చార దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించాను. "ఆధునిక పూడిక. తొలగించబడినది."

"పూడిక అంటె?"

"నిండిపోయిన మట్టి పెద్దమ్మా. చెత్త."

ఆమె ఆ చార మీద వేలు పెట్టింది. "మనం కూసున్నదా?"

"అవును."

మా శాస్త్రం పద్ధతి అదే. పాతదానిని చేరాలంటే కొత్తదానిని ముందు తీయాలి. తీసినది తిరిగి పెట్టడం సాధ్యం కాదు. అందుకే ప్రతి పొరను కొలిచి, గీసి, రాసుకుంటారు. కానీ అన్నిటికన్నా పైపొరను కొలిచేవారు తక్కువ. అందులో ఉన్నది అందరికీ తెలిసినదేనని అనుకుంటారు. నేను తరగతిలో ఆ మాటను వందసార్లు పలికి ఉంటాను. చిన్నమ్మ పక్కన కూర్చున్న మనిషికి దాని అర్థం చెప్పవలసివస్తుందని ఊహించలేదు.

"ఆ మట్టి ఎక్కడ పోశారు?" అని వెంకటసుబ్బయ్యను అడిగాను.

"మన యూనివర్సిటీకే తోలినారు మేడమ్. హాస్టళ్ళ ఎనక పల్లం ఉండె కదా, వాన నీళ్ళు నిలబడేది. దాండ్లో పోసి చదును చేసినారు."

బాలమణి నా వైపు చూడలేదు. చెప్పులు వేసుకుంటూ "పా" అన్నది.

హాస్టళ్ళ వెనుక

దారిలో నేను అభ్యంతరం చెప్పాను. లారీలో ఎత్తి, యంత్రంతో తోసిన మట్టి అంతా కలిసిపోతుంది. ఏది ఎవరి చోటుదో చెప్పలేము. అలాంటి మట్టికి మా శాస్త్రంలో సాక్ష్యం విలువ ఉండదు.

"గండ్ల మీ చిన్నమ్మ కూసున్న మట్టి ఉన్నదా లేదా?"

"ఉన్నది. ఎక్కడున్నదో చెప్పలేను."

"ఉన్నది గదా. సాలు."

ఆ స్థలం ఇప్పుడు గడ్డి మొలిచిన మైదానం. ఒక పక్క క్రికెట్ ఆడిన గుర్తులు. చూస్తూ నడిస్తే మట్టిలో గాజుముక్కలు, సోడామూతలు, కట్టలు కట్టే ప్లాస్టిక్ తాడు పోగులు, మార్కెట్‌లోని ఎర్ర గచ్చు పెంకులు కనిపించాయి. బాలమణి పెంకులు ఎక్కువగా ఉన్నచోట కాలితో గడ్డి తొక్కి, పసుపు నీళ్ళు చల్లి, నన్ను కూర్చోమన్నది. బుట్టలో పాలకూర, తోటకూర, చుక్కకూర. తాను కుడిపక్కన కొద్ది దూరంలో నిలబడింది. మణెమ్మ ఇంకా వెనుక నిలబడింది. చోటు అందుకునే మనిషి కట్ట తీసుకోవడానికి లేదు. పక్కచోటు మనిషీ తీసుకోకూడదు. వచ్చేవారికి ముందుగా చెప్పనూ కూడదు.

మార్కెట్‌లో అయితే ఇది క్షణాల పని. అక్కడ ధర చెప్పకుండా కూర్చున్న మనిషిని చూడగానే అందరికీ తెలుస్తుంది. ఎవరో ఒక బేరగాడు కట్ట కళ్ళకు అద్దుకుని వెళ్ళిపోతాడు. విశ్వవిద్యాలయంలో ఆ సంగతి తెలిసినవారు ఎవరున్నారు? ఇద్దరు విద్యార్థులు బ్యాటు పట్టుకుని వచ్చారు.

"ఆంటీ, పాలకూర ఎంత?"

నేను నేల చూశాను.

"మాట రాదేమోరా" అన్నాడు రెండవవాడు మెల్లగా. జేబులోంచి ఇరవై రూపాయలు తీసి బుట్ట అంచున పెట్టి, ఒక కట్ట తీసుకున్నాడు. వారు పది అడుగులు వేయకముందే బాలమణి పరుగెత్తి నోటు అతడి చేతిలో కుక్కింది.

"పైసలొద్దు బిడ్డా."

"ఫ్రీగా మాకొద్దమ్మా, పాపం" అని అతడు కట్టను తిరిగి బుట్టలో పెట్టి వెళ్ళాడు. మంచి పిల్లవాడు. అతడి మంచితనం వల్లనే పని చెడింది.

ఎండ ముదిరింది. నడకకు వచ్చిన ఒక ఆచార్యులవారు, ఇక్కడ అమ్మకాలు నిషిద్ధమని హెచ్చరించి వెళ్ళారు. ఒక గృహిణి ధర అడిగి, జవాబు రాక, "ఇంత పొగరైతే ఎట్ల అమ్ముతవమ్మా" అని కోపగించింది. నా మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. చిన్నమ్మ రోజంతా ఇలాగే కూర్చునేదన్న సంగతి నాకు తెలియనిది కాదు. కాళ్ళకు తెలిసింది మాత్రం ఆ రోజే. వెనుక మణెమ్మ ఎండలోనే నిలబడి ఉంది. నా అంతట నేను లేచిపోతే మణెమ్మకు చోటు దక్కదు. అది చిన్నమ్మదిగానే ఉండిపోతుంది. ఎవరూ రాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను.

అప్పుడే లాలాపేట్ వైపు గోడ సందులోంచి మేకలు వచ్చాయి. ముందు నడుస్తున్న నల్లమేక సరాసరి నా దగ్గరకు వచ్చి, పాలకూర కట్టను పళ్ళతో పట్టుకుని, తిరిగి చూడకుండా మందలో కలిసింది.

"హేయ్, హేయ్" అంటూ ముసలి కాపరి కర్ర ఎత్తి పరుగున వచ్చాడు. "తప్పైందమ్మా, ఎంతనో చెప్పుండ్రి, ఇచ్చుకుంట" అని రొండిన దోపిన సంచి తీయబోయాడు.

"పైసల్ తీయకు తాతా, నీకు దండం పెడ్త" అని బాలమణి అతడి చెయ్యి పట్టుకుంది. అతడు మమ్మల్ని వింతగా చూసి మేకల వెంట వెళ్ళాడు.

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న మణెమ్మ భయంభయంగా అడిగింది. "మేక లెక్కకొస్తదా అత్తా?"

బాలమణి ఆలోచించింది.

"ధర అడిగిందా?"

"లేదు."

"పైసలిచ్చిందా?"

"లేదు."

"మరింకేంది. మన ఇంటిదా, మన పక్క జాగదా? బయటిదే. వచ్చింది, తీస్కపోయింది." కొంచెం ఆగి, "నర్సమ్మ ఉంటె కడుపు పట్టుకుని నవ్వుతుండె" అన్నది.

ముగ్గురమూ నవ్వాము. నవ్వు అయిపోయాక బాలమణి నా కుడిపక్కకు వచ్చింది. ఇక మిగిలింది చెయ్యి ఇవ్వడమే. ఆమె ఇవ్వలేదు. నా పక్కన నేలను చూస్తూ నిలబడింది. మణెమ్మ తొందరపెట్టలేదు, నేనూ పెట్టలేదు. చివరికి వంగి, నా మణికట్టు కాదు, వేళ్ళు పట్టుకుంది. ఆమె అరచెయ్యి తడిగా, గరుకుగా, చల్లగా ఉంది. లేపుతూ అనవలసిన మాట ఒకటుంది, "లే, నీ పని అయింది" అని. ఆమె పెదవులు మాత్రం కదిలాయి.

నేను లేచాను.

తరువాత

మంగళవారం ఉదయం నుండి షెడ్డులో బాలమణికి, యాదయ్యకు మధ్య మణెమ్మ కూర్చుంటోందట. నేను మళ్ళీ తార్నాక వెళ్ళలేదు.